రవాణా ఖర్చు గడిని ఖాళీగా వదలకండి

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో పద్దెనిమిదేళ్లు నేను విదేశీ పార్సిళ్ల దుకాణం నడిపాను. అందరూ నన్ను పార్సిలక్క అనేవాళ్లు. నా పేరు విజయ అని మా వీధిలో సగం మందికి ఇప్పటికీ తెలియదు. పోయిన నెల దుకాణం తాళాలు నా దగ్గర ఆరేళ్లు పనిచేసిన స్వప్న చేతిలో పెట్టాను. స్వప్న ఇద్దరు పిల్లల తల్లి, పనిమంతురాలు. తాళాలు తీసుకుంటూ, "అక్కా, నీకు తెల్సిందంత ఒక నోట్‌బుక్కుల రాసియ్యరాదు? నువ్వు లేనప్పుడు ఎవలనడగాలె?" అంది. నేనేమీ చచ్చిపోలేదు. రెండు వీధుల అవతలే ఉన్నాను, చేతిలో ఫోన్ కూడా ఉంది. అయినా నోరు తెరిచి అడిగింది కదా అని రాయడానికి కూర్చున్నాను.

మా పని సంగతి తెలియనివాళ్ల కోసం ముందు ఒక ముక్క చెబుతాను. మన ఊళ్లలో అటకల మీద ఇత్తడి చెంబులు, తమలపాకులు పెట్టుకునే పాన్‌దాన్లు, పాత తాళాలు, ఎడ్ల మెడ గంటలు, లాంతర్లు పడి ఉంటాయి. వాటిని జనం నా దగ్గరికి తెచ్చేవాళ్లు. నేను ఫొటోలు తీసి ఇంటర్నెట్ వేలంలో పెట్టేదాన్ని. ఎక్కడో లండన్‌లోనో సిడ్నీలోనో ఒకరు పాట పాడి గెలిస్తే, దాన్ని పెట్టెలో కట్టి పంపేదాన్ని. వందేళ్లు దాటిన వస్తువు దేశం దాటకూడదని చట్టం ఉంది కాబట్టి అలాంటివి వస్తే దండం పెట్టి వెనక్కి పంపేదాన్ని.

ఈ పనిలో కష్టం ఫొటోల్లో ఉంటుందని, ఇంగ్లీషులో ఉంటుందని కొత్తవాళ్లు భయపడతారు. అదేం లేదు. వేలం పేజీలో కింద చిన్న గడి ఒకటి ఉంటుంది, "విదేశాలకు రవాణా ఖర్చు" అని. కష్టమంతా ఆ గడిలోనే ఉంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు, లేదంటే "తర్వాత చెబుతాం" అని రాస్తారు. నా మటుకు నేను సగం జీవితం ఆ గడి ముందే కూర్చున్నాను.

సేట్ దగ్గర

సొంత దుకాణం పెట్టకముందు నేను మోతీ సేట్ దగ్గర పనిచేశాను. ఆయన పాత ఇత్తడి వ్యాపారి. డిగ్రీ చదివానని, ఇంగ్లీషు ఉత్తరాలు రాస్తానని నన్ను పెట్టుకున్నాడు. పార్సిల్ కట్టడం నేర్పింది ఆయనే. పెట్టె మూశాక నడుము ఎత్తు నుంచి కింద పడేయమనేవాడు. లోపల ఏదైనా గలగలమంటే మళ్లీ విప్పించి మొదటి నుంచీ కట్టించేవాడు. ఒక లాంతరును నా చేత ఐదుసార్లు కట్టించాడు. ఐదోసారికి నాకు ఏడుపొచ్చింది కానీ, ఆ లాంతరు కెనడా దాకా గాజు చిట్లకుండా వెళ్లింది.

అయితే సేట్‌కు ఒక పాడు అలవాటు ఉండేది. వస్తువు ధర చాయ్ ఖరీదంత పెట్టి, రవాణా ఖర్చు మాత్రం మూడింతలు రాయించేవాడు. ధర తక్కువ చూసి జనం ఎగబడేవాళ్లు, లాభం మాత్రం రవాణాలో వచ్చేది. ఒకసారి ఇంగ్లండు నుంచి ఒకాయన పాన్‌దాన్ గెలిచి, ఖర్చు చూసి ఉత్తరం రాశాడు. "పార్సిల్‌తోపాటు దాన్ని మోసుకొచ్చే మనిషికి కూడా టికెట్ కొంటున్నారా?" అని. నేను చదివి వినిపిస్తే సేట్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"టికెట్ ఒక్కటే గాదు, బిర్యానీ గూడ అని రాయి విజయమ్మా!"

నాకు నవ్వు రాలేదు. "సేట్, గిది మంచిగ లేదు" అన్నాను.

"అరే, ఫాయిదా ఏడికెల్లి వస్తే ఏంది? ఫాయిదా ఫాయిదానే."

ఆయన మరచిపోయిన విషయం ఒకటుంది. పార్సిల్ మీద అంటించే చీటీ మీద అసలు ఖర్చు అచ్చయి ఉంటుంది. ఆ ఇంగ్లండు ఆయన చీటీని ఫొటో తీసి, మా పేజీలో అభిప్రాయాల కింద పెట్టేశాడు. అది చూసి ఇంకో నలుగురు తమ చీటీలూ తీశారు. వేలం కంపెనీవాళ్లు మా పేజీని నలభై రోజులు ఆపేశారు. ఆ నలభై రోజులూ నేనూ సేట్ ఎదురెదురుగా కూర్చుని ఈగలు తోలాం. ఆయన చెడ్డవాడని నేను రాయను. జీతం ఏనాడూ ఆపలేదు, మా అమ్మ ఆసుపత్రిలో ఉంటే తన ఇంటి నుంచి క్యారియర్ పంపాడు. కానీ కొనేవాడు తెలివితక్కువవాడని అనుకోవడం ఆయన చేసిన తప్పు. అది తప్పని ఆయన చివరిదాకా ఒప్పుకోలేదు.

ఉత్త చెంబు

సొంత దుకాణం పెట్టాక తప్పులు చేయడం నా వంతైంది. మొదటి ఏడాది నేను వస్తువును ఉత్తగా తూచి, ఆ బరువుకే ఖర్చు రాసేదాన్ని. బిచ్కుంద నుంచి వచ్చిన ఎడ్ల గంటలు రెండు కిలోల లోపే తూగాయి. పెట్టె, అట్టలు, బుడగల షీటు, టేపు అన్నీ కలిశాక మూడు కిలోలకు దగ్గరయ్యాయి. తేడా నా జేబులోంచి పోయింది. ఇంకోసారి ఇలాగే పోయింది. మూడోసారికి బుద్ధి వచ్చింది. ముందు వస్తువును పెట్టెలో కట్టాలి, టేపు వేయాలి, అప్పుడు తూకం వేయాలి, ఆ తర్వాతే గడి నింపాలి. అమ్ముడుపోతుందో లేదో తెలియకుండా ముందే కట్టడం దండగ కదా అని స్వప్న కూడా మొదట్లో గొణిగింది. దండగేం కాదు.

అంత జాగ్రత్త నేర్చుకున్నాక కూడా నన్ను బోర్లా పడేసింది రామారెడ్డి ఊరి గంగవ్వ. ఆమె ఇత్తడి చెంబు ఒకటి ఆస్ట్రేలియా ఆయన గెలిచాడు. పంపేరోజు కాగితాలు లోపల పెడదామని పెట్టె విప్పాను, గంగవ్వ పక్కనే కూర్చుని ఉంది. అంతలో నాకు ఫోన్ వచ్చి రెండు నిమిషాలు బయటికి వెళ్లాను. తిరిగొచ్చి టేపు వేసి పంపేశాను. నెల తర్వాత అక్కడి కస్టమ్స్ వాళ్ల దగ్గర నుంచి కాగితం వచ్చింది. చెంబులో చెప్పకుండా దాచిన మొక్కల సరుకు దొరికింది, పార్సిల్ ఆపేశాం అని. వెంటనే గంగవ్వకు ఫోన్ చేశాను.

"అవ్వా, చెంబుల ఏమన్న పెట్టినవా?"

"పెట్టిన బిడ్డా. పిడికెడు పసుపు కొమ్ములు పెట్టిన. మన చేన్ల పండినయే."

"ఎందుకు పెట్టినవవ్వా?"

"ఎందుకేంది? ఉత్త చెంబు ఎవలకన్న ఇస్తరా? ఇంటికి గిన్నె పట్టుకొస్తెనే ఉత్తగ పంపం. ఆయన గంత దూరంల ఉన్నడు, పాపం, ఉత్త చెంబు పట్టుకొని ఏం జేస్తడు?"

ఆమెను ఏమనగలను? మా అమ్మ కూడా పక్కింటి గిన్నెను ఏనాడూ ఉత్తగా తిరిగివ్వలేదు. ఆస్ట్రేలియా ఆయనకు జరిగింది జరిగినట్టు రాశాను. అతను మంచివాడు, నవ్వుకున్నాడు. తనిఖీ రుసుము నేను కట్టుకున్నాను, పసుపు కొమ్ములు వాళ్లు కాల్చేశారు. ఆ రోజు నుంచి నా దుకాణంలో ఒక నియమం పెట్టాను. కొసరు పెట్టాలనుకుంటే టేపు వేయకముందే నా ముందు పెట్టాలి. దాన్ని తూచాలి, కాగితం మీద రాయాలి, ఆ దేశంలోకి రానిస్తారో లేదో చూడాలి. అలాగే పార్సిల్లో వరిగడ్డి వద్దు, ఎండు ఆకులు వద్దు. మనవాళ్ల చేయి ఊరుకోదు కాబట్టి రెండు నిమిషాలు కూడా పెట్టెను విడిచి వెళ్లొద్దు.

బస్సులో పరుపు

ఇంకో సంగతి. విమానంవాళ్లు బరువొక్కటే చూడరు, పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కూడా కొలుస్తారు. ఈ లెక్క అర్థం కాక కొత్తవాళ్లు తల గోక్కుంటారు. ఎల్లారెడ్డి వెళ్లే బస్సులో దూది పరుపు చుట్ట పట్టుకుని ఎక్కి చూడండి. బరువేముంటుంది? కానీ ఇద్దరు కూర్చునే చోటు తినేస్తుంది. కండక్టర్ ఇద్దరి టికెట్ కొట్టకుండా ఊరుకుంటాడా? విమానంవాడూ అంతే.

"ప్రపంచమంతటికీ ఒకటే ఖర్చు" అని ఎప్పుడూ రాయకండి. ఒకసారి గొప్పకు పోయి రాశాను. పాట గెలిచినాయన ఏ సముద్రం మధ్యలో ఉన్నాడో వెతకడానికి మ్యాపు తీయాల్సి వచ్చింది. ఏ దేశానికి ఎంతో విడివిడిగా రాయండి. రాయని దేశం నుంచి ఎవరైనా అడిగితే ఒక రోజు గడువు అడిగి, నాలుగు చోట్ల కనుక్కుని చెప్పండి. అక్కడి ప్రభుత్వం వేసే సుంకం మన ఖర్చులో లేదని ఆ గడి పక్కనే రాయండి. ఆ మాట రాస్తే కొనేవాళ్లు పారిపోతారని సేట్ భయపడేవాడు. పారిపోయేవాళ్లు పాటకు ముందే పారిపోతే మనకే సుఖం.

సాయన్న బాపు హార్మోనియం

ఇవన్నీ చెప్పాక ఒక్క బేరం గురించి వివరంగా చెప్పాలి. నా పద్దెనిమిదేళ్లలో ఆ గడి నన్ను నిజంగా ఏడిపించింది ఆ ఒక్కసారే.

ఎల్లారెడ్డి పక్క ఊరి నుంచి సాయన్న బాపు ఒకరోజు బస్సు దిగి వచ్చాడు. దుప్పట్లో చుట్టిన హార్మోనియం భుజం మీద ఉంది. నలభై ఏళ్లు ఆ చుట్టుపక్కల చిరుతలు కొడుతూ ఆడే చిరుతల రామాయణాలకు ఆయనే వాయించాడు. పక్షవాతం తగిలి కుడిచేతి వేళ్లు రెండు వంగిపోయాయి. ఆటగాళ్లలో సగం మంది గల్ఫ్ వెళ్లారు. హార్మోనియం పైపెట్టె చూసి నేను నోరు వెళ్లబెట్టాను. టేకుది, చుట్టూ ఇత్తడి పూలు తాపడం చేసి ఉన్నాయి. ఎల్లారెడ్డిలో వడ్రంగం చేసే వడ్ల ఆయన చేత స్వయంగా చేయించుకున్నాడట.

"అమ్మాలె బిడ్డా" అన్నాడు. "దినాం ఊపిరి పొయ్యకపోతే గాలి తిత్తి ఎండి పగుల్తది. నా చెయ్యి వశమయితలేదు. నా కండ్ల ముంగట గిది మూగది అయితదని రంది వట్టుకున్నది. గని ఒక్క మాట. వాయించెటోల్లకే ఇయ్యాలె. అద్దాల బీరువల పెట్టి సూస్కునెటోల్లకు వద్దు."

"బాపూ, గిది వేలం. ఎవలు ఎక్కువ పాడితే వాల్లదే. మనిషిని సూసి ఇచ్చెడిది ఉండది."

"ఎట్లనన్న జెయ్యి. సదువుకున్నదానివి."

సదువుకున్నదాన్నే కానీ వేలం నా చేతిలో లేదు కదా. పెట్టెలో కట్టి, టేపు వేసి, తూచి, కొలిచి, అలవాటుగా పంపే నాలుగు దేశాలకు ఖర్చు రాసి పేజీలో పెట్టాను. పది రోజుల గడువు. రెండో రోజుకే ఇద్దరి నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఒకాయన యూరప్‌లో హోటళ్లకు అలంకరణ చేసే పెద్దమనిషి. పైపెట్టెకు ఇంకా ఫొటోలు కావాలన్నాడు, మూతవి, మూలలవి, పూలవి. హార్మోనియం మోగుతుందా అని మాత్రం ఒక్కసారీ అడగలేదు.

రెండో ఉత్తరం ఫిజీ దీవుల నుంచి. రాసింది కమలాదేవి అనే టీచరు. వాళ్ల తాతముత్తాతలు చెరకు తోటల్లో పనికి ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లు. ప్రతి మంగళవారం ఊరంతా కూడి రామాయణం పాడుకుంటారట. తుఫానుకు వాళ్ల హార్మోనియం నీళ్లలో నానిపోయింది. తిత్తి గాలి నిలుపుతుందా, మెట్లన్నీ పలుకుతాయా అని అడిగి, చివర్లో "ఫిజీకి పంపడానికి ఎంత అవుతుంది?" అని రాసింది.

ఫిజీ నా నాలుగు దేశాల్లో లేదు. రెండు రోజులు నాలుగు చోట్ల తిరిగి కనుక్కున్నాను. కొయ్యకు పురుగు లేదని పొగపెట్టించి కాగితం తీసుకోవాలి, అదీ కలిపాను. మొత్తం చూస్తే హార్మోనియం ధర కన్నా రవాణాయే ఎక్కువైంది. ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను. మర్నాడే జవాబు. "ఇంత మేము పోగుచేయలేం. ముందే చెప్పినందుకు థాంక్స్. ఇంతకుముందు ఒకరు తక్కువ చెప్పి, గెలిచాక ఇంకా అడిగారు. మా పెద్దవాళ్లకు చాలా అవమానమైంది" అని.

బేరం కనుక్కుందామని వచ్చిన సాయన్న బాపుకు ఆ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన ముఖం వాడిపోయింది.

"తక్కువ రాయి బిడ్డా. పాట ఆమె గెల్వనియ్యి. మిగిలింది తర్వాత మెల్లగ అడుగుదం. రామాయణం సదివేటోల్లు, ఇయ్యకపోతరా?"

"రామాయణం సదివేటోల్లనే మోసం జేద్దమా బాపూ?"

"మోసమంటవా నన్ను?"

చాయ్ అలాగే వదిలేసి, తువ్వాల దులుపుకుని బస్టాండు వైపు వెళ్లిపోయాడు. నా గొంతు పెరిగిందని నాకే తెలుసు. తండ్రి వయసు మనిషిని అలా అన్నందుకు మనసంతా పాడైంది. నిజం చెబుతాను, సాయంత్రం దుకాణం మూసేలోపు ఫిజీ అంకెను సగం చేసి రాయడానికి రెండుసార్లు చేయి పోయింది. సగం రాస్తే బాపు సంతోషిస్తాడు, ఆమె సంతోషిస్తుంది. ఒక నెల తర్వాత ఆ ఊరి పెద్దల ముందు ఆమె మళ్లీ తల దించుకుంటుంది. రాయలేదు.

మూడో రోజు పొద్దున షట్టర్ ఎత్తేసరికి బాపు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో స్క్రూడ్రైవర్.

"ఎవలన్న పాడిండ్రా?"

"ఇంకా లేదు బాపూ. అందరు ఆఖరి గంటలనే పాడ్తరు."

"పెట్టె ఇప్పు."

విప్పాను. హార్మోనియాన్ని బయటికి తీయించి, తిరగేసి, ఎడమ చేత్తో మరలు ఒక్కొక్కటే తిప్పసాగాడు. సాయం చేయబోతే నా చేయి తోసేశాడు. పైపెట్టె ఊడి వచ్చింది. లోపలి హార్మోనియం, తిత్తి, మెట్లు చిన్న సామానుగా బయటపడ్డాయి. చూస్తే బక్కచిక్కిన మనిషిలా ఉంది. బాపు దాన్ని ఒళ్లో పెట్టుకుని తిత్తి ఆడించి, మంచిగున్న వేలుతో ఒక మెట్టు నొక్కాడు. ఖంగుమని పలికింది.

"వాయించెటోల్లకు గీ పై డొక్క ఎందుకు బిడ్డా? ఊపిరుంటే సాలదా? డొక్క ఆల్ల ఊర్ల వడ్లాయన చేస్తడు. ఇప్పుడు తూకం జూడు."

కొత్త పెట్టెలో కట్టి, టేపు వేసి, తూచి, మూడు వైపులా కొలిచాను. అన్నేళ్లుగా పార్సిళ్లు కడుతున్నదాన్ని, పైపెట్టె లేకుండా పంపొచ్చని నాకు తట్టలేదు. ఫిజీ ఖర్చు సగానికి దగ్గరగా పడిపోయింది. ఎవరూ పాట మొదలుపెట్టలేదు కాబట్టి పేజీ మార్చుకోవచ్చు. కొత్త ఫొటోలు పెట్టి, పైపెట్టె ఉండదని పెద్ద అక్షరాల్లో రాసి, ఫిజీతో కలిపి ఐదు దేశాల ఖర్చులు నింపాను. కమలాదేవికి, హోటల్ ఆయనకు చెరో ఉత్తరం పంపాను.

గంటలో హోటల్ ఆయన జవాబు వచ్చింది. పైపెట్టె లేకపోతే తనకు అక్కర్లేదన్నాడు. చదివి వినిపించాను. బాపు తువ్వాల సర్దుకుంటూ గోడ వైపు చూశాడు.

"నేనైతే బరువు సంగతే ఆలోచించిన బిడ్డా."

నమ్మాలో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆఖరి గంటలో ముగ్గురు పాడారు. బాపు దుకాణంలోనే కూర్చుని, అంకె మారినప్పుడల్లా "ఎవలది? ఎవలది?" అని నా ప్రాణం తీశాడు. కమలాదేవి గెలిచింది. పెట్టె పంపేముందు ఆయన జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. అందులో హార్మోనియం లోపల గాలికి పలికే ఇత్తడి స్వరపు రేకులు, కొన్ని పాతవి, కొన్ని ఇంకా వాడనివి. ఉత్తగా పంపకూడదట. తూచాను, కాగితం మీద రాశాను, పెట్టె విప్పి లోపల పెట్టి మళ్లీ టేపు వేశాను. కౌంటర్ దగ్గర ఖర్చు మేం రాసినదానికంటే కాస్త తక్కువే అయింది. మిగిలింది ఆమెకు తిరిగి పంపాను. ఖాళీ పైపెట్టెను బాపు ఇంటికి తీసుకెళ్తే అవ్వ అందులో కందిపప్పు పోసిందట.

ఐదు వారాలకు ఫిజీ నుంచి వీడియో వచ్చింది. బాపును పిలిపించాను. రేకుల షెడ్డు కింద ముప్పై మంది చాపల మీద కూర్చున్నారు. మధ్యలో కమలాదేవి, కళ్లద్దాలు, నెరిసిన జడ. హార్మోనియానికి పసుపు రంగు కొయ్యతో కొత్త పెట్టె. ఆమె తిత్తి వేయగానే అందరూ గొంతు కలిపారు. నాకు కళ్లు చెమర్చాయి. బాపు మాత్రం ఫోన్ చెవికి ఆనించుకుని, కనుబొమలు ముడిచి విన్నాడు.

"నడిమి వరుసల గాంధారం పట్టుకుంటున్నది. దానికి ముందునుంచి గట్లనే ఉన్నది. గట్టిగ ఒత్తితె మూల్గుతది. ఆ మెట్టు మెల్లగ ఒత్తాలని ఆమెకు రాయి."

"గిది మొదలే ఎందుకు జెప్పలే బాపూ? పేజీల రాస్తుంటి కద!"

"నాకు లోపమని ఎన్నడు అనిపియ్యలే బిడ్డా. అలవాటయింది."

అమ్మిన సామాను మీద అమ్మినాయనే ఫిర్యాదు చేయడం నా వృత్తిలో అదొక్కసారే చూశాను. సిగ్గుపడుతూ, క్షమించమని అడుగుతూ రాశాను. బాపు ఇంకా చాయ్ తాగుతుండగానే జవాబు వచ్చింది. చదివి తెలుగులో చెప్పాను.

"తెలుసు. మొదటి మంగళవారమే తెలిసింది. ఆ మెట్టు మెల్లగానే ఒత్తుతున్నాను. ఆయన కూడా అలాగే ఒత్తేవారా?"

బాపు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. వంగిన వేలుతో బల్ల మీద ఒకసారి మెల్లగా ఒత్తాడు.

"ఒత్తిన అని రాయి" అన్నాడు. "ఇగ నాకు రంది లేదు."